12 మిషన్ల ఎలక్షన్: సిస్టమ్‌ని ఆపకుండా ఎలా మార్చారు?

ఆర్మూర్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు టాపిక్ పేరు వింటే కొంతమంది వీడియో మార్చేస్తారని తెలుసు: డిస్ట్రిబ్యూటెడ్ స్టోరేజ్ క్లస్టర్‌ని డౌన్‌టైమ్ లేకుండా అప్‌గ్రేడ్ చేయడం. కాసేపు ఆగండి. ఇందులో పసుపు ఉంది, హైవే మీద ధర్నా ఉంది, ముఖ్యమంత్రి కూతురు ఓడిపోయిన ఎలక్షన్ ఉంది.

ముందు మాట అర్థం చేసుకుందాం. మార్కెట్ యార్డులో పసుపు అమ్మితే తక్‌పట్టీ ఇస్తారు కదా. బస్తాలెన్ని, తూకమెంత, రేటెంత, కోతలు పోను చేతికొచ్చేదెంత, అన్నీ ఆ చిన్న కాగితంలో ఉంటాయి. ఆ కాగితం ఒక్కటే ఉండి అది వానలో తడిస్తే? లెక్క పోయినట్టే. అదే లెక్క మూడు చోట్ల ఉందనుకోండి: ఒకటి రైతు దగ్గర, ఒకటి కమీషన్ ఏజెంట్ దగ్గర, ఒకటి మార్కెట్ కమిటీ ఆఫీసులో. ఒకటి పోయినా ఇంకా రెండున్నాయి. ఆ రెండింటినీ చూసి మూడోది మళ్లీ రాసుకోవచ్చు. స్టోరేజ్ క్లస్టర్ చేసే పని ఇంతే. డేటాని చాలా మిషన్లలో పంచిపెడుతుంది. ఒక్కో మిషన్‌ని నోడ్ అంటాం.

సెఫ్ అని ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ యూనివర్సిటీలో సేజ్ వైల్ అనే అతను పీహెచ్‌డీలో భాగంగా దాన్ని తయారుచేశాడు. 2006లో దాని మీద పేపర్ వచ్చింది. ఇప్పుడు యూరప్‌లో కణాలను ఢీకొట్టించే సెర్న్ ల్యాబ్‌లో కూడా అది వాడుతున్నారు. మామూలు సెట్టింగ్‌లో అది ప్రతి డేటా ముక్కకీ మూడు కాపీలు పెడుతుంది. రెండు కాపీలు బతికున్నంతవరకు రాయడం గానీ చదవడం గానీ ఆగదు.

ఇప్పుడు దీన్ని కొత్త వర్షన్‌కి మార్చాలి. గేటు మూసి, అందరినీ ఇంటికి పంపి మార్చడం ఈజీ. కానీ ఫిబ్రవరి, మార్చిలో యార్డు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు గేటు ఎవరు మూస్తారు? అందుకని పని నడుస్తుండగానే ఒక్కొక్క నోడ్‌నీ మారుస్తారు. ముందు మానిటర్లు. ఇవి క్లస్టర్‌లో పంచాయితీ పెద్దల్లాంటివి, మూడో ఐదో ఉంటాయి, మెజారిటీ ఏమంటే అదే మాట. ఒక్కటి మార్చేటప్పుడు మిగతావి కూర్చునే ఉంటాయి కాబట్టి పంచాయితీ ఆగదు. తర్వాత డిస్కులు చూసుకునే ప్రాసెస్‌లు, ఒక్కో సర్వర్ చొప్పున. అంతకుముందే ఒక ఫ్లాగ్ పెడతారు, దాని పేరు నోఅవుట్. దాని అర్థం ఏంటంటే: ఇతను పని మానేసి వెళ్లిపోలేదు, చాయ్ తాగడానికి వెళ్లాడు, వచ్చేస్తాడు, ఇతని బస్తాలు వేరేవాళ్ల నెత్తిన పెట్టకండి. అతను తిరిగొచ్చాక, వెనకబడిన కాపీలన్నీ సమానమై స్టేటస్ పచ్చగా కనిపించేదాకా రెండో సర్వర్‌ని ముట్టుకోరు. అందరూ మారిపోయారని తేలిన తర్వాతే, చివర్లో, ఇకపై కొత్త వర్షన్ తప్ప వేరేది ఒప్పుకోవద్దని ఇంకో ఫ్లాగ్ పెడతారు. అది పెట్టాక వెనక్కి దారి ఉండదు.

థియరీ ఇంతే, బోర్ కొట్టకముందే ఆపేస్తున్నాను. ఇదే పనిని నెట్‌వర్క్ లేకుండా, కరెంటు సరిగ్గా ఉంటుందో లేదో తెలియని గదుల్లో, 1,788 చోట్ల, పద్నాలుగు రోజుల్లో చేయాల్సి వచ్చింది మన నిజామాబాద్‌లో. 2019 లోక్‌సభ ఎలక్షన్ కథ అది.

కానీ దానికంటే ముందు నల్గొండకి వెళ్లి రావాలి, ఎందుకంటే సిస్టమ్ ఎప్పుడు ఆగిపోతుందో అక్కడ తెలుస్తుంది. 1996 లోక్‌సభ ఎన్నికలు. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర పోయిన మనుషులు వేల మంది. దశాబ్దాలుగా అడుగుతున్నారు, కృష్ణా నీళ్లు ఇవ్వమని. ఎవరూ పట్టించుకోలేదు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి ఒక ఉపాయం చేసింది. ఢిల్లీకి వినబడాలంటే బ్యాలెట్ పేపర్‌లోనే పేర్లు రాయించుకుందాం అంది. చివరికి బరిలో మిగిలిన అభ్యర్థులు ఎంతమందో తెలుసా? 480.

అప్పుడు ఈవీఎంలు లేవు, కాగితమే. 480 పేర్లు, 480 గుర్తులు ఒక్క కాగితం మీద ఎలా పడతాయి? బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకమైంది. దాన్ని అచ్చు వేయాలి, పంచాలి, అది పట్టే డబ్బాలు కావాలి. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే సిస్టమ్ లోడ్ తట్టుకోలేక డౌన్ అయింది. తర్వాత ఎలక్షన్ జరిగింది, సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. దేశమంతా నల్గొండ ఫ్లోరైడ్ గురించి మాట్లాడుకుంది, అది వేరే విషయం, దానికి ఇంకో ఎపిసోడ్ కావాలి.

సిస్టమ్ ఏం నేర్చుకుందో చూడండి. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకి 1,033 మంది నిలబడ్డారు, కర్ణాటకలో బెల్గాం లోక్‌సభ సీటుకి 456 మంది. దెబ్బకి 1996లోనే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ని 500 నుంచి 10,000 రూపాయలు చేశారు. 2010 నుంచి 25,000. సర్వర్ మీద ఎక్కువ రిక్వెస్టులు వస్తుంటే సర్వర్‌ని పెంచకుండా రిక్వెస్టుకి రేటు పెంచినట్టు. ఇంజినీర్లం మేమూ ఇలాంటివి చేస్తాం, కాదనను. పని జరుగుతుంది. కానీ ఎవరు లైన్‌లోంచి తప్పుకుంటున్నారో ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు మన ఊరు. ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి వైపు పసుపు ఎంత ఉంటుందో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. వేరే చోట్ల నుంచి చూసేవాళ్ల కోసం: వానాకాలం మొదట్లో పెడితే సంక్రాంతి దాటాక తవ్వుతాం. తవ్వాక అయిపోలేదు. ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి, అప్పుడు నిజామాబాద్ యార్డుకి. ఏడాదిలో ముప్పావు వంతు భూమిలో ఉండే పంటకి, ఒక్క పూట వేలంలో రేటు తేలిపోతుంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల లిస్టులో పసుపు లేదు.

2019 ఫిబ్రవరిలో రైతులు ఆర్మూర్ దగ్గర 44వ నంబర్ హైవే మీద కూర్చున్నారు. పసుపుకి క్వింటాకు 15,000, ఎర్రజొన్నకి 3,500 కావాలి, పసుపు బోర్డు కావాలి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే లారీలన్నీ ఆగాయి. పోలీసులు వచ్చారు, 144 సెక్షన్ పెట్టారు, రైతుల్ని అరెస్టు చేశారు. రేటు మాత్రం కదల్లేదు.

అప్పుడు పుట్టింది నామినేషన్ల ఆలోచన. అప్పటి నిజామాబాద్ ఎంపీ కల్వకుంట్ల కవిత, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కూతురు. 2014లో లక్షా 60 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆమె మీద మనమే నిలబడదాం అనుకున్నారు రైతులు. ఊరూరా చందాలు వేసుకుని డిపాజిట్లు కట్టారు. ఒక్కొక్కరికి 25,000. వాళ్లు అడిగిన 15,000 రేటు వచ్చినా కూడా క్వింటాన్నరకి పైగా పసుపు అమ్మితే గానీ రాని డబ్బు. పైగా పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. రాదని తెలిసే కట్టారు. మార్చి 28, నామినేషన్లు వెనక్కి తీసుకునే చివరి రోజు. సాయంత్రానికి బరిలో మిగిలింది 185 మంది. అందులో 170కి పైగా రైతులే.

పోలింగ్ ఏప్రిల్ 11. పద్నాలుగు రోజులు.

అసలు ఇబ్బంది ఎక్కడ వచ్చిందో చూద్దాం. ఈవీఎంలో రెండు ముక్కలుంటాయి. మనం బటన్ నొక్కేది బ్యాలెట్ యూనిట్, దాని మీద 16 బటన్లు. ఓట్లు దాచుకునేది కంట్రోల్ యూనిట్, అది ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గర ఉంటుంది. మన స్టోరేజ్ నోడ్ అదే. పక్కన వీవీప్యాట్, నొక్కిన గుర్తు స్లిప్ మీద 7 సెకన్లు చూపించి లోపల పడేస్తుంది. అప్పటిదాకా దేశంలో ఎక్కువగా వాడిన ఎం2 రకం కంట్రోల్ యూనిట్‌కి నాలుగు బ్యాలెట్ యూనిట్లే తగిలించగలం. నాలుగు పదహార్లు 64. నోటాని తీసేస్తే 63 మంది అభ్యర్థులు. ఇక్కడ ఉన్నది 185.

ఇక బ్యాలెట్ పేపరే అనే మాట బాగా నడిచింది అప్పట్లో. నల్గొండ మళ్లీ వస్తుందనుకున్నారు. కానీ ఎలక్షన్ కమిషన్ దగ్గర ఎం3 అనే కొత్త తరం మిషన్ ఉంది. దీనికి 24 బ్యాలెట్ యూనిట్లు తగిలించవచ్చు, అంటే 384 బటన్లు. తన లోపల ఏదైనా తేడా వస్తే తనే చెక్ చేసుకుని చెప్తుంది, తనకు తెలియని యూనిట్ తగిలిస్తే ఒప్పుకోదు. 185 మందికి నోటా కలిపితే 186. పదకొండు యూనిట్లయితే 176 బటన్లే, చాలవు. పన్నెండైతే 192. ఆరు బటన్లు మిగులుతాయి. సో, ప్రతి బూత్‌లో పన్నెండు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన లెక్క ఒకటి ఉంది. కమిషన్ నిజామాబాద్ కోసం తెప్పించిన బ్యాలెట్ యూనిట్లు 26,820. కంట్రోల్ యూనిట్లు 2,240. వీవీప్యాట్లు 2,600. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 1,788 బూత్‌లు ఇంటూ 12, ఎంత? 21,456. దానికి సరిగ్గా 25 శాతం కలపండి. 26,820. ఒక్కటి కూడా అటూ ఇటూ కాదు. కంట్రోల్ యూనిట్లకీ దాదాపు అదే 25 శాతం. వీవీప్యాట్లకి ఇంకా ఎక్కువ, 45 శాతం దాకా. ఎందుకంటే అందులో ప్రింటర్ ఉంది, కాగితం చుట్ట ఉంది, కదిలే భాగాలున్నాయి. కదిలేదే ముందు చెడిపోతుంది. డేటా సెంటర్‌లో తిరిగే డిస్కులకి స్పేర్లు ఎక్కువ పెట్టుకున్నట్టే.

ఆపకుండా మార్చాలంటే మొదట కావాల్సింది ఇదే: ఖాళీగా కూర్చునే స్పేర్ మిషన్లు. ఆఫీసుల్లో ముందు కోత పడేది కూడా వీటి మీదే. వాడని మిషన్‌కి డబ్బులెందుకు అని అడుగుతారు. వాడాల్సిన రోజు అది లేకపోతే ఏమవుతుందో అడగరు.

మిషన్లు వచ్చినంత మాత్రాన అయిపోదు. ప్రతిదాన్నీ కంపెనీ ఇంజినీర్లు పార్టీల వాళ్ల ముందు విప్పి చూడాలి. దేశంలో ఈవీఎంలు చేసేవి రెండే రెండు ప్రభుత్వ కంపెనీలు, హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బెంగళూరులో బీఈఎల్. ఒకటి పక్కనే ఉండటం మన అదృష్టం అనుకోండి. తర్వాత ఏ మిషన్ ఏ బూత్‌కి పోతుందో ముందే ఎవరికీ తెలియకుండా కంప్యూటర్‌తో రెండు విడతలు కలిపేస్తారు. ఆ తర్వాత పేర్లు, గుర్తులు ఎక్కించాలి. పన్నెండు యూనిట్లని ఒకదానికొకటి గొలుసులా కలపాలి, వరస చూడాలి. టేబుళ్ల మీద ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా పేర్చారు, లేదంటే బడి గదిలో పట్టవు. పోలింగ్ డ్యూటీకి వచ్చే టీచర్లకి, ఇతర ఉద్యోగులకి ఎప్పుడూ చూడని సెటప్ మీద ట్రైనింగ్ ఇవ్వాలి. ఇదంతా ఆర్మూర్, బాల్కొండ, బోధన్, నిజామాబాద్ అర్బన్, రూరల్, కోరుట్ల, జగిత్యాల, ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో, రెండు జిల్లాల్లో.

రైతు అభ్యర్థులకీ టైమ్ చాలలేదు. గుర్తు వచ్చింది ఎప్పుడు, జనానికి చెప్పేది ఎప్పుడు? ఎలక్షన్ వాయిదా వేయమని హైకోర్టుకి వెళ్లారు. కోర్టు ఆపలేదు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. అప్‌గ్రేడ్‌లో మనం సర్వర్ల రెడీనెస్ చూస్తాం, వాడేవాళ్ల రెడీనెస్ చూడం. 185 మందిలో మన మనిషి ఏడో టేబుల్ మీద ఎక్కడున్నాడో ముసలమ్మకి ఎవరు చెప్పాలి?

కానీ ఓటేసే పద్ధతిని మాత్రం మార్చలేదు, గమనించండి. అదే నీలం బటన్, అదే బీప్, అదే స్లిప్. ఇంటర్‌ఫేస్ పాతది, వెనకాల సిస్టమ్ కొత్తది. పదిహేనేళ్లుగా బటన్ నొక్కడం అలవాటైన మనిషి కొత్తగా నేర్చుకోవాల్సింది వెతకడం ఒక్కటే.

టైమింగ్ కూడా మార్చారు. మిగతా తెలంగాణలో ఎక్కువ చోట్ల పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు. నిజామాబాద్‌లో 8 నుంచి 6 వరకు. మొత్తం పది గంటలే, ఎక్కువ ఇవ్వలేదు, గంట జరిపారు. ఆ గంట దేనికి? మాక్ పోల్‌కి. పోలింగ్‌కి ముందు ఏజెంట్ల ఎదురుగా ఉత్తుత్తి ఓట్లు వేసి, లెక్క సరిపోయిందో లేదో చూసి, అవి చెరిపేసి, స్లిప్పులు తీసేసి, సీల్ వేస్తారు. మామూలు చోట పది పదిహేను మంది అభ్యర్థులు, ఇట్టే అయిపోతుంది. ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్క ఓటు వేసి చూడాలన్నా 186 నొక్కులు. స్లిప్ కనిపించే 7 సెకన్లే లెక్కపెట్టినా 21 నిమిషాలు దాటుతుంది. మళ్లీ ఆ స్లిప్పులన్నీ లెక్కపెట్టాలి. అందుకే ఉదయం 6 నుంచి 8 దాకా టెస్టింగ్‌కే ఇచ్చారు. టెస్టింగ్‌కి టైమ్ దొంగతనంగా కాకుండా షెడ్యూల్‌లోనే రాసి ఇచ్చిన ప్రాజెక్ట్ మీరెప్పుడైనా చూశారా? ఐటీలో ఉన్నవాళ్లు నవ్వుకోండి.

ఇంకా ముఖ్యమైన ప్రశ్న: పోలింగ్ మధ్యలో మిషన్ చెడిపోతే? రూల్ చాలా బాగుంటుంది. వీవీప్యాట్ ఒక్కటే పోతే అది ఒక్కటే మారుస్తారు. కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ పోతే సెట్ మొత్తం మారుస్తారు. స్పేర్లు ముందే సెక్టార్ ఆఫీసర్ల బండ్లలో తిరుగుతుంటాయి. కొత్త సెట్‌లో ప్రతి అభ్యర్థికీ ఒక ఓటు, నోటాకి ఒకటి వేసి చూసి, చెరిపి, మళ్లీ మొదలుపెడతారు. అప్పటిదాకా పడ్డ ఓట్లో? వాటిని ఎవరూ కొత్త మిషన్‌లోకి కాపీ చేయరు. పాత కంట్రోల్ యూనిట్‌ని అలాగే సీల్ చేసి పక్కన పెడతారు. లెక్కింపు రోజు రెండు యూనిట్ల అంకెలు కలుపుతారు. తొందరలో డేటాని కదిలించకు, ఉన్నచోటే ఉంచు, చదివేటప్పుడు కలుపుకో. అప్‌గ్రేడ్ రాత్రి పని చేసే ప్రతి ఇంజినీర్ గోడ మీద రాసుకోవాల్సిన మాట ఇది.

అయితే ఈవీఎంనీ స్టోరేజ్ క్లస్టర్‌నీ ఒకటే అని నేను అనడం లేదు. పెద్ద తేడా ఒకటుంది. సెఫ్‌లో ఒకే డేటాకి మూడు కాపీలు, వేర్వేరు నోడ్‌లలో. ఈవీఎంలో ఒక బూత్ ఓట్లు ఆ బూత్ కంట్రోల్ యూనిట్‌లోనే ఉంటాయి, పక్క బూత్‌కి తెలియవు. ఒకదానికొకటి వైరూ లేదు, వైఫై లేదు. కావాలనే అలా పెట్టారు. మరి కాపీ? వీవీప్యాట్ డబ్బాలో పడే కాగితమే రెండో కాపీ. సెఫ్‌లో స్క్రబ్ అనే పని ఉంటుంది, మామూలుగా వారానికోసారి కాపీలన్నింటినీ లోతుగా చదివి ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో చూస్తుంది. ఎలక్షన్‌లో కూడా అదే. అప్పటిదాకా అసెంబ్లీ సెగ్మెంట్‌కి ఒక్క బూత్‌లోనే స్లిప్పులు లెక్కపెట్టేవాళ్లు. 2019 ఏప్రిల్ 8న, అంటే మన పోలింగ్‌కి మూడు రోజుల ముందు, సుప్రీంకోర్టు దాన్ని ఐదు బూత్‌లు చేసింది. నిజామాబాద్‌కి ఏడు సెగ్మెంట్లు, 35 బూత్‌లు. 186 కుప్పలుగా స్లిప్పులు వేరు చేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఏప్రిల్ 11 అయిపోయింది. తేదీ మారలేదు. మిగతా 16 సీట్లతో పాటే నిజామాబాద్‌లోనూ పోలింగ్ జరిగింది. దాదాపు 68 శాతం ఓట్లు పడ్డాయి, రాష్ట్ర సగటు కంటే ఎక్కువ. మే 23న లెక్కించారు. బీజేపీ నుంచి ధర్మపురి అర్వింద్ 70,875 ఓట్ల తేడాతో కవిత మీద గెలిచారు. పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చి ఓట్లడిగిన మనిషి ఆయన.

ఇక్కడ నన్ను చాలా రోజులు ఆలోచనలో పడేసిన ఒక విషయం ఉంది. రైతులు నామినేషన్లు వేసింది సిస్టమ్‌ని ఇబ్బంది పెట్టడానికే. నల్గొండలో ఎలక్షన్ ఆగింది కాబట్టే దేశం తిరిగి చూసింది. ఇక్కడ సిస్టమ్ ఆగలేదు. లోడ్ మొత్తం మింగేసింది. ప్రపంచంలోనే ఇంత పెద్ద ఈవీఎం సెటప్ అని వార్తలన్నీ మిషన్ల గురించే వచ్చాయి, క్వింటా రేటు ఆఖరి పేరాలోకి పోయింది. ఇంజినీర్‌గా నాకు అది గొప్ప పని. పసుపు ఊరి మనిషిగా చూస్తే ధర్నాని సాఫీగా పక్కకి జరిపినట్టు కూడా ఉంది. రెండూ నిజమే. అయినా ఆగకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం. వాయిదా పడి ఉంటే, మిగతా రాష్ట్రం అంతా అయిపోయాక ఒక్క సీటుకి ప్రభుత్వ యంత్రాంగం, పార్టీల డబ్బు మొత్తం ఇక్కడే దిగేవి. అందరితో పాటే అదే రోజు వేశారు కాబట్టి ఎవరి కోపం వాళ్ల బటన్ మీదే పడింది.

ఆపి మార్చితే ఎలా ఉంటుందో మనకి మరుసటి ఏడాదే తెలిసింది. 2020 సెప్టెంబర్ 8 నుంచి తెలంగాణలో భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు, కొత్త సిస్టమ్ ధరణి కోసం. అక్టోబర్ 29న పోర్టల్ ప్రారంభమైంది. వ్యవసాయ భూములకి నవంబర్ 2న మొదలైతే, ఇళ్లు, ప్లాట్లకి డిసెంబర్ 14. మూడు నెలలకి పైగా. ఆ మధ్యలో పెళ్లికి ప్లాట్ అమ్ముకోవాల్సినవాడు, ఆస్పత్రి బిల్లు కట్టాల్సినవాడు ఏమయ్యారో ఏ డాష్‌బోర్డ్‌లోనూ కనిపించదు. పైగా ప్లాట్ల విషయంలో కొత్త పద్ధతి నడవక, కొద్ది రోజుల్లోనే పాత కార్డ్ సిస్టమ్‌కి తిరిగొచ్చారు. కార్డ్ అంటే 1998లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన కంప్యూటర్ రిజిస్ట్రేషన్ పద్ధతి. అది ఇంకా పనిచేసే స్థితిలో ఉంది కాబట్టి సరిపోయింది. పాతదాన్ని తొందరపడి పీకేయకూడదు అనేది అందుకే.

2025లో ధరణి పోయి భూభారతి వచ్చినప్పుడు వేరేగా చేశారు. ఏప్రిల్ 14న ప్రారంభించి, ముందు నాలుగే నాలుగు మండలాల్లో పెట్టారు: మద్దూరు, లింగంపేట, నేలకొండపల్లి, వెంకటాపూర్. లింగంపేట మనకి దగ్గరే, ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి. మేలో ఇంకో 28 మండలాలు. జూన్ 2 నుంచి రాష్ట్రమంతా. కొత్త చట్టం రైతుకి ఎంత మేలు చేస్తుందనేది వేరే చర్చ. పెట్టిన పద్ధతి మాత్రం సరైనది. నాలుగు నోడ్‌లలో పెట్టు, ఏం విరుగుతుందో చూడు, తర్వాత పెంచు.

పసుపు సంగతి చెప్పి ముగిస్తాను. జాతీయ పసుపు బోర్డుకి 2023 అక్టోబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 జనవరి 14న, సంక్రాంతి రోజు బోర్డు మొదలైంది. జూన్ 29న నిజామాబాద్‌లో హెడ్డాఫీసు తెరిచారు. మద్దతు ధర లిస్టులో పసుపు పేరు ఇంకా రాలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి నిలబడ్డది 29 మంది. బూత్‌కి రెండు బ్యాలెట్ యూనిట్లు సరిపోయాయి.